రబ్బరు పాలు గీసిన మనిషి: చికో మెండిస్

అమెజాన్ అడవి గురించి రాస్తున్నానంటే మా రూమ్మేట్ వెంటనే అనకొండ సినిమా కథ మొదలుపెట్టాడు. ఇంకొకడు భూమికి ఊపిరితిత్తులు కదరా అన్నాడు. ఈ పోలిక స్కూల్లో అందరం విన్నదే, కానీ నాకు పెద్దగా నచ్చదు. అడవి పగలంతా తయారుచేసే ఆక్సిజన్‌ని దాదాపు మొత్తం మళ్ళీ అదే వాడేసుకుంటుంది, కొంత చెట్ల శ్వాసకి, కొంత కింద కుళ్ళే ఆకులకి. అమెజాన్ విలువ వేరే చోట ఉంది. వానలో ఉంది, చెట్లలో దాగిన కార్బన్‌లో ఉంది, ఇంకెక్కడా లేని జీవాల్లో ఉంది. వీటితో పాటు దాని లోపల బతికే మనుషులు కూడా ఉన్నారు. వాళ్ళని మాత్రం మనం మర్చిపోతాం. అందుకే ఈసారి జంతువుల గురించి కాకుండా ఒక మనిషి గురించి రాస్తున్నాను.

ఆయన పూర్తి పేరు ఫ్రాన్సిస్కో ఆల్వెస్ మెండిస్ ఫిల్యో. అందరూ పిలిచేది చికో మెండిస్ అని. పోర్చుగీసులో షీకో అని పలుకుతారు, కానీ మన పేపర్లలో చికో అనే వస్తుంది కాబట్టి నేనూ అలాగే రాస్తున్నా. 1944 డిసెంబర్ 15న బ్రెజిల్ పడమటి కొసన, బొలీవియా సరిహద్దుకి దగ్గరగా ఉన్న ఆక్రె రాష్ట్రంలో పుట్టాడు. దగ్గర్లోని చిన్న టౌన్ పేరు షపూరి. ఈ కథ మొదలయ్యేదీ, ముగిసేదీ దాదాపు అక్కడే.

ఆయన కుటుంబం చేసే పని రబ్బరు పాలు గీయడం. మన దగ్గర తాటిచెట్టు గీసే గీత కార్మికులు తెలుసు కదా, కొంచెం అలాంటిదే, కాకపోతే అడవిలో. రబ్బరు చెట్టు సొంత ఊరు అమెజాన్. కేరళలో మనం చూసే రబ్బరు తోటలకి మూలం కూడా అక్కడే. 1876లో హెన్రీ వికామ్ అనే ఇంగ్లీషువాడు సుమారు 70 వేల గింజల్ని అమెజాన్ నుంచి లండన్‌లోని క్యూ గార్డెన్స్‌కి చేర్చాడు. మొలిచిన కొద్ది వేల మొక్కలు అక్కడి నుంచి సిలోన్‌కి, మలయాకి వెళ్ళాయి. తర్వాత ఆసియా అంతా తోటలే. 20వ శతాబ్దం మొదట్లోనే ఆసియా రబ్బరు చవకగా మార్కెట్లోకి వచ్చి అమెజాన్ వ్యాపారాన్ని పడగొట్టేసింది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. తోట వేస్తే అంత లాభం ఉన్నప్పుడు బ్రెజిల్ వాళ్ళే ఎందుకు వేయలేదు? వేశారు. 1928లో హెన్రీ ఫోర్డ్ తన కార్ల టైర్ల కోసం తపజోస్ నది ఒడ్డున ఫోర్డ్‌లాండియా అనే ఊరే కట్టించాడు. లక్షల మొక్కలు వరసగా, దగ్గరదగ్గరగా నాటారు. ఆకులకి ఒక ఫంగస్ తెగులు పట్టింది. ఒక చెట్టు కొమ్మ పక్క చెట్టు కొమ్మని తాకుతుండటంతో తెగులు తోటంతా పాకింది. 1945లో ఫోర్డ్ కంపెనీ మొత్తం నష్టానికి అమ్ముకుని వెళ్ళిపోయింది. అదే ఫంగస్ అడవిలో కూడా ఉంది, కానీ అక్కడ చెట్లని చంపదు. ఎందుకంటే అడవిలో ఒక రబ్బరు చెట్టుకీ ఇంకో రబ్బరు చెట్టుకీ మధ్య వేరే జాతుల చెట్లు వందల కొద్దీ ఉంటాయి. మా బ్రాంచ్ భాషలో చెప్పాలంటే ఫోర్డ్ కట్టింది అన్ని నోడ్‌లూ ఒకేలా ఉండి, ఒకదానికొకటి కనెక్ట్ అయిన నెట్‌వర్క్. ఒక్క వైరస్ చాలు, సిస్టమ్ మొత్తం డౌన్. ఆసియా తోటలు బతికిపోవడానికి కారణం ఆ ఫంగస్ సముద్రం దాటి రాకపోవడమే.

అంటే అమెజాన్‌లో రబ్బరు కావాలంటే అడవి అలాగే ఉండాలి. వేరే దారి లేదు. చికో జీవితం మొత్తానికి ఈ ఒక్క విషయమే పునాది అని నాకనిపిస్తుంది.

పని ఎలా ఉంటుందంటే, ఒక్కో కుటుంబానికి అడవిలో సుమారు 300 హెక్టార్ల వరకు ఉంటుంది. అందులో గుడిసె దగ్గర మొదలై గుడిసె దగ్గరే ముగిసే రెండు మూడు కాలిబాటలు. ఒక్కో బాట వందకి పైగా రబ్బరు చెట్లని కలుపుతూ చుట్టు తిరుగుతుంది. తెల్లారకముందే లేచి, నుదుటికి పొరోంగ అనే చిన్న కిరోసిన్ దీపం కట్టుకుని బయల్దేరాలి. ప్రతి చెట్టుకీ బెరడు మీద ఏటవాలుగా సన్నని గీత పెట్టి, కింద చిన్న గిన్నె తగిలించాలి. మధ్యాహ్నం అదే బాటలో మళ్ళీ తిరిగి పాలు పోగుచేయాలి. సాయంత్రం పొగ మీద పోస్తూ పోస్తూ పెద్ద బంతిలా చేయాలి. గీత మరీ లోతుగా పెడితే చెట్టు పాడవుతుంది. సరిగ్గా గీస్తే అదే చెట్టు దశాబ్దాల పాటు పాలు ఇస్తుంది. చికో 9 ఏళ్ళకే నాన్నతో ఈ బాట పట్టాడు.

స్కూల్ లేదు. లేకపోవడం కాదు, ఉండనివ్వలేదు. అడవి ఎస్టేట్ దొరలు బడి పెట్టనిచ్చేవాళ్ళు కాదు, ఎందుకంటే చదవడం, లెక్క వేయడం వస్తే ఖాతాలు చూస్తారు. ఉప్పు, కిరోసిన్, కత్తి, బట్ట అన్నీ దొర కొట్లోనే అప్పుగా కొనాలి, రబ్బరు దొరకే అమ్మాలి. ధర ఆయనే వేస్తాడు, తూకం ఆయనే తూస్తాడు, పద్దు ఆయనే రాస్తాడు. ఏడాది చివర చూస్తే బాకీ ఇంకా పెరిగి ఉంటుంది. తెలంగాణలో మన తాతల తరం వాళ్ళని అడిగితే ఈ పద్ధతి గురించి వేరే ఎక్స్‌ప్లనేషన్ అక్కర్లేదు.

చికోకి చదువు వచ్చిన తీరు సినిమాలా ఉంటుంది. ఎవుక్లిదెస్ తావొర అనే ఆయన ఒకప్పుడు సైన్యంలో ఉండి, 1935 కమ్యూనిస్టు తిరుగుబాటులో పాల్గొని, పోలీసుల నుంచి తప్పించుకుని చివరికి ఈ అడవిలో దాక్కున్నాడు. టీనేజ్‌లో ఉన్న చికో వారాంతాల్లో గంటల తరబడి నడిచి ఆయన గుడిసెకి వెళ్ళేవాడు. పుస్తకాలు లేవు. పాత న్యూస్‌పేపర్లే పాఠాలు. తర్వాత ఒక రేడియో వచ్చింది. దాంట్లో బీబీసీ, వాయిస్ ఆఫ్ అమెరికా, రేడియో మాస్కో మూడూ పోర్చుగీసులో వినేవాళ్ళు. 1964లో బ్రెజిల్‌లో సైన్యం అధికారం పట్టుకున్నప్పుడు ఒకే వార్త అమెరికా స్టేషన్‌లో ఒకలా, మాస్కో స్టేషన్‌లో ఇంకోలా వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి ఏది ఎందుకలా చెబుతున్నారో ఆలోచించడం ఆ కుర్రాడు అక్కడే నేర్చుకున్నాడు. ఫీడ్‌లో వచ్చింది వచ్చినట్టే ఫార్వర్డ్ చేసే మనకి ఈ క్లాస్ ఒకటి ఉంటే బాగుండు.

1970ల్లో కథ మారింది. సైనిక ప్రభుత్వం అమెజాన్ అంటే ఖాళీ స్థలం అనుకుంది. 1970లో ట్రాన్స్ అమెజాన్ హైవే మొదలుపెట్టింది. అడవి కొట్టి పశువుల్ని మేపేవాళ్ళకి పన్ను రాయితీలు, చవక అప్పులు ఇచ్చింది. దక్షిణ బ్రెజిల్ నుంచి డబ్బున్నవాళ్ళు వచ్చి ఆక్రెలో పాత రబ్బరు ఎస్టేట్లు కొన్నారు. భూమి నాదే అని చూపించుకోవడానికి సులువైన దారి దాని మీద అడవిని కొట్టేయడం. కొడితే అభివృద్ధి చేసినట్టు లెక్క. లోపల మూడు తరాలుగా ఉన్న కుటుంబాలకి కాగితాలు లేవు కాబట్టి వాళ్ళు లేనట్టే.

సరే, అడవి కొట్టి గడ్డి వేస్తే తప్పేంటి, మనుషులకి మాంసం కావాలి కదా అని అడగొచ్చు. సైన్స్ ఇక్కడ అవసరం. అంత పచ్చగా ఉన్న అడవి కింద మట్టి మాత్రం చాలాచోట్ల బలహీనం. పోషకాలు మట్టిలో కాదు, చెట్లలోనే ఉంటాయి. ఆకు రాలడం ఆలస్యం, ఫంగస్, వేర్లు కలిసి దాన్ని మళ్ళీ చెట్టులోకి లాగేస్తాయి. అడవిని కాల్చితే ఆ సంపద బూడిదగా నేల మీద పడుతుంది. కొన్నేళ్ళు గడ్డి బాగా వస్తుంది, తర్వాత వానలకి కొట్టుకుపోతుంది. అప్పుడు ఇంకో ముక్క కాల్చాలి. వాన సంగతి ఇంకా పెద్దది. 1970ల్లో ఎనెయాస్ సలాటి అనే బ్రెజిల్ శాస్త్రవేత్త వాన నీటిలోని ఐసోటోపుల్ని కొలిచి, అమెజాన్‌లో పడే వానలో సుమారు సగం అడవే ఆకుల ద్వారా పైకి పంపిన నీరని చూపించాడు. సముద్రం నుంచి వచ్చిన మేఘం ఒకసారి కురిసి అయిపోదు. అడవి దాన్ని తిరిగి లేపి పడమటికి తోస్తుంది, మళ్ళీ కురుస్తుంది. ఆక్రె ఉన్నది ఆ పడమటి చివర. తూర్పున అడవి పోతే అక్కడికి చేరే నీళ్ళు తగ్గుతాయి.

బ్రెజిల్ నట్ చెట్టు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే రబ్బరు సీజన్ కానప్పుడు ఈ కుటుంబాలకి ఆ గింజలే ఆధారం. చట్టం ప్రకారం బ్రెజిల్‌లో ఆ చెట్టుని కొట్టకూడదు. అందుకని చుట్టూ అడవంతా కొట్టేసి, మేత మైదానం మధ్యలో ఆ ఒక్క చెట్టుని వదిలేస్తారు. చట్టం పాటించినట్టే. కానీ ఆ పువ్వుని తెరిచి పుప్పొడి మార్చడానికి బలమైన పెద్ద తేనెటీగలు కావాలి, అవి అడవిలోనే ఉంటాయి. రాయిలాంటి కాయని పళ్ళతో కొరికి తెరిచి గింజల్ని అక్కడక్కడా పాతిపెట్టేది అగూటి అనే ఎలుక జాతి జంతువు, అదీ అడవిదే. మైదానంలో ఒంటరి చెట్టు నిలబడి ఉంటుంది, కాపు మాత్రం ఉండదు. ఒక చెట్టుని కాపాడటానికీ అడవిని కాపాడటానికీ తేడా ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ నాకు కనిపించలేదు.

రైతు కూలీల యూనియన్ 1975లో బ్రసిలెయాలో మొదలైంది. విల్సన్ పిన్యేరో అనే నాయకుడు, చికో అందులో కార్యదర్శి. 1976 నుంచి వాళ్ళు వాడిన పద్ధతి పేరు ఎంపాచి. అంటే అడ్డుకోవడం. ఎక్కడైనా అడవి కొట్టే క్యాంప్ వేశారని తెలిస్తే, వంద రెండొందల మంది, ఆడవాళ్ళు, పిల్లలతో సహా, నడుచుకుంటూ అక్కడికి వెళ్ళేవాళ్ళు. చైన్‌సా పట్టుకున్న కూలీల చుట్టూ నిలబడేవాళ్ళు. ఆ కూలీలు కూడా పేదవాళ్ళే, కాబట్టి కొట్టడం కాదు, కూర్చోబెట్టి మాట్లాడటం. వాళ్ళు వెళ్ళిపోయాక క్యాంప్ విప్పేసేవాళ్ళు. చికో స్వయంగా వేసిన లెక్క ప్రకారం అలాంటివి 45 జరిగితే 15 గెలిచారు, 30 ఓడిపోయారు. ఆ 15 వల్ల 12 లక్షల హెక్టార్లకి పైగా అడవి మిగిలిందని ఆయన అంచనా. ఓటముల లెక్క కూడా దాచకుండా చెప్పే నాయకులు నాకు తెలిసి తక్కువ.

1980 జూలై 21 రాత్రి విల్సన్ పిన్యేరోని యూనియన్ ఆఫీసులోనే కాల్చి చంపారు. ఆ రోజు చికో వేరే ఊళ్ళో ఉండబట్టి బతికాడు. హంతకుల మీద కేసు కదల్లేదు. కొన్ని రోజులకి కోపంతో కొందరు కార్మికులు ఒక పశువుల ఎస్టేట్ మేనేజర్ని చంపారు. దానికి మాత్రం పోలీసులు వెంటనే వందల మందిని పట్టుకున్నారు, చిత్రహింసలు పెట్టారు. రెచ్చగొట్టే ప్రసంగాలు చేశారని చికో మీద, తర్వాత దేశాధ్యక్షుడైన లూలా మీద జాతీయ భద్రతా చట్టం కింద కేసు పెట్టారు. అది తర్వాత నిలబడలేదు.

అప్పటి నుంచి చికో షపూరిలో ఉండి పనిచేశాడు. మొదట పట్టుకున్నది బడులని. మేరి అలెగ్రెచి అనే మానవ శాస్త్రవేత్త సాయంతో 1980ల మొదట్లో అడవి లోపల పెద్దవాళ్ళకి, పిల్లలకి చదువు మొదలుపెట్టారు. వాళ్ళ వాచకం పేరు పొరోంగ, అంటే ఆ నుదుటి దీపమే. దొరలు దేనికి భయపడి బడి వద్దన్నారో అదే జరిగింది, జనం పద్దులు చదవడం మొదలుపెట్టారు.

1985 అక్టోబర్లో వంద మందికి పైగా రబ్బరు కార్మికులు రాజధాని బ్రసీలియాలో సమావేశమయ్యారు. చాలామంది అంత పెద్ద ఊరు చూడటం అదే మొదటిసారి. అక్కడే వాళ్ళ జాతీయ మండలి పుట్టింది, ఒక కొత్త ఆలోచన కూడా బయటికొచ్చింది. దాన్ని ఎక్స్‌ట్రాక్టివ్ రిజర్వ్ అంటారు. భూమి ప్రభుత్వానిదే, ఎవరూ అమ్మలేరు, కొనలేరు. లోపల ఉన్న కుటుంబాలకి రబ్బరు, గింజలు తీసుకుంటూ బతికే హక్కు ఉంటుంది, అడవి నిలబడి ఉండాలి. అప్పటివరకు ప్రభుత్వానికి తెలిసినవి రెండే దారులు. ఒకటి చెట్లు కొట్టి పట్టాలు ఇవ్వడం, రెండు కంచె వేసి మనుషుల్ని పంపేయడం. ఇది మూడోది. మన నల్లమలలో చెంచుల గురించి జరిగే చర్చ కూడా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఈ ఆలోచనకి నమూనా ఆదివాసీల రిజర్వులు. గమనించాల్సిన విషయం ఏంటంటే ఒకప్పుడు రబ్బరు కోసం అడవిలోకి వచ్చినవాళ్ళు దొరల తరఫున ఆదివాసీల ఊళ్ళ మీద పడి చంపారు. రెండు వైపులా ఆ జ్ఞాపకం ఉంది. అయినా 1980ల చివర్లో ఇద్దరూ కలిసి అడవి ప్రజల కూటమి అని పెట్టుకున్నారు. నాకైతే ఎంపాచిల కంటే ఇదే కష్టమైన పని అనిపిస్తుంది.

1987 మార్చిలో చికో మయామిలో ప్రత్యక్షమయ్యాడు. ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు వార్షిక సమావేశం అక్కడ. పోర్టో వేల్యో నుంచి ఆక్రె రాజధాని వరకు బీఆర్ 364 రోడ్డుకి తారు వేయడానికి ఆ బ్యాంకే అప్పిచ్చింది. పక్క రాష్ట్రం రొండోనియాలో వరల్డ్ బ్యాంకు డబ్బుతో అలాంటి రోడ్డే పడి అడవి ఎంత వేగంగా పోయిందో అందరూ చూశారు. ఇంగ్లీషు రాని ఈ యూనియన్ నాయకుడు బ్యాంకు అధికారుల్ని, తర్వాత వాషింగ్టన్‌లో సెనేట్ వాళ్ళని కలిసి, ఆ రోడ్డు పక్కన మనుషులున్నారు, వాళ్ళని అడగలేదు అని చెప్పాడు. బ్యాంకు అప్పు విడుదల ఆపింది. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఆయనకి గ్లోబల్ 500 అవార్డు ఇచ్చింది. ఆక్రెలో రాజకీయ నాయకులు మాత్రం అభివృద్ధికి అడ్డుపడే మనిషి అని తిట్టారు. విదేశీ పత్రికలు ఆయన్ని పర్యావరణవేత్త అన్నాయి. అది తప్పు కాదు కానీ సగమే. ఆయన అడవిని దూరం నుంచి ప్రేమించినవాడు కాదు, దాని మీద బతికే కూలీల యూనియన్ మనిషి.

1988లో గొడవ సొంత మనుషుల దాకా వచ్చింది. చికో బంధువులుండే కషుయేరా ఎస్టేట్‌లో భూమి కొన్నానని దార్లి ఆల్వెస్ అనే పశువుల ఆసామి అడవి కొట్టబోయాడు. కార్మికులు అడ్డుకున్నారు, చివరికి ప్రభుత్వం ఆ భూమిని స్వాధీనం చేసుకుంది. దార్లి మీద వేరే రాష్ట్రంలో పాత హత్య కేసు వారెంట్ ఉందని తెలుసుకుని, చికో వాళ్ళు దాన్ని తెప్పించి పోలీసులకి అందజేశారు. అరెస్ట్ జరగలేదు. దార్లి మాయమయ్యాడు. చికోకి ఇద్దరు పోలీసుల్ని కాపలా ఇచ్చారు. తనని చంపుతారని ఆయన అధికారులకి ఉత్తరాలు రాశాడు, జర్నలిస్టులకి చెప్పాడు. వెళ్ళిపొమ్మని స్నేహితులు అన్నా షపూరి వదలలేదు.

డిసెంబర్ 22 సాయంత్రం, 44వ పుట్టినరోజు అయిన వారానికి, ఇంట్లో కాపలా పోలీసులతో డొమినోస్ ఆడుతూ ఉన్నాడు. భార్య ఇల్జమార్ భోజనం పెట్టబోతోంది. ఇద్దరు పిల్లలూ చిన్నవాళ్ళు. స్నానం చేసొస్తానని భుజం మీద టవల్ వేసుకుని వెనక తలుపు తీశాడు. స్నానాల గది బయట పెరట్లో. చీకట్లో కాచుకున్న వ్యక్తి తుపాకీ పేల్చాడు.

1990 డిసెంబర్లో దార్లికి, అతని కొడుకు దార్సికి 19 ఏళ్ళ చొప్పున జైలు శిక్ష పడింది. 1993లో ఇద్దరూ జైలు నుంచి పారిపోయారు, 1996లో మళ్ళీ దొరికారు. భూమి గొడవల్లో చంపించినవాళ్ళకి శిక్ష పడటం అక్కడ అప్పటికి అరుదు. ప్రపంచం చూస్తోంది కాబట్టే పడిందని చాలామంది అభిప్రాయం, నాదీ అదే.

1990 మార్చి 12న షపూరి చుట్టూ ఉన్న సుమారు 9 లక్షల 70 వేల హెక్టార్లని చికో మెండిస్ ఎక్స్‌ట్రాక్టివ్ రిజర్వ్‌గా ప్రకటించారు. ఆయనతో పనిచేసిన మరీనా సిల్వా, రబ్బరు కుటుంబంలోనే పుట్టి 16 ఏళ్ళకి చదవడం నేర్చుకున్న అమ్మాయి, 2003లో పర్యావరణ మంత్రి అయ్యింది. 2004లో బ్రెజిల్ అమెజాన్‌లో ఏడాదికి 27 వేల చదరపు కిలోమీటర్లకి పైగా అడవి పోతుంటే 2012 నాటికి అది 4,600 లోపుకి దిగింది. శాటిలైట్ డేటా వెంటవెంటనే చూసి దాడులు చేయడం, కొత్త రిజర్వులు, అప్పుల మీద ఆంక్షలు అన్నీ కలిసి పనిచేశాయి. 2021లో మళ్ళీ 13 వేలు దాటింది. గ్రాఫ్ చూస్తే ఎవరు అధికారంలో ఉన్నారో గుర్తుపట్టేయొచ్చు.

రిజర్వ్ లోపల సంగతి అంత సాఫీగా లేదు. 1990ల్లో ప్రభుత్వం అడవి రబ్బరుకి ఇచ్చే రక్షణ తీసేసింది. ఆసియా తోటల రబ్బరుతో పోటీపడటం వీళ్ళవల్ల కాలేదు. 2008లో షపూరిలో అడవి రబ్బరు పాలతో కండోమ్‌లు తయారుచేసే ప్రభుత్వ ఫ్యాక్టరీ పెట్టారు, మొత్తం సరుకు ఆరోగ్య శాఖే కొనేది. అదీ ఆఖరికి మూతపడింది. ఇప్పుడు వేజా అనే ఫ్రెంచ్ షూ కంపెనీ ఆక్రె రబ్బరుని మార్కెట్ కంటే ఎక్కువ ధరకి కొంటోంది, కొన్ని కుటుంబాలకి అది ఆసరా. చాలామంది మాత్రం ఆవుల్ని పెంచుతున్నారు. చికో పేరున్న రిజర్వ్‌లోనే, ఆయన ఎవరితో పోరాడాడో ఆ పని. తిట్టడం సులువు. కానీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ఆవుని తోలుకెళ్ళి అదే వారం అమ్మొచ్చు, బ్యాంకు కూడా దాన్ని ఆస్తిగా చూస్తుంది. రబ్బరు కావాలంటే తెల్లారకముందే లేచి వంద చెట్లు తిరగాలి, ధర ఎంతో తెలియదు. అడవి ఆకాశంలోకి పంపే నీళ్ళకి ఎవరూ డబ్బులివ్వరు. ఆ నీళ్ళు వానగా పడేది దక్షిణాన పెద్ద పెద్ద సోయా పొలాల మీద.